ఆవకాయ సీసాకి ఎర్ర లేబుల్ ఎందుకు వద్దు?

ఎరుపు చూస్తే ఆకలి, నీలం చూస్తే నమ్మకం కలుగుతాయని చెప్పే రంగుల పట్టికను గుడ్డిగా నమ్మకండి. మనకు మధుపర్కాలూ తెలుపే, సంతాపానికీ తెలుపే. రంగుకు అర్థం సందర్భం ఇస్తుంది.

ఆవకాయ సీసానే తీసుకోండి. గాజులోంచి సరుకే ఎర్రగా కనిపిస్తుంది కాబట్టి, దానిమీద ఎర్ర లేబుల్ అంటిస్తే పేరు అందులో కలిసిపోతుంది. మీగడ రంగు నేల (బ్యాక్‌గ్రౌండ్) మీద ముదురు ఆకుపచ్చ అక్షరాలు వేయండి. అప్పుడు ఎరుపు పని పచ్చడే చేసిపెడుతుంది, సిరా ఖర్చు లేకుండా! లేబుల్‌లో సుమారుగా నూటికి 60 పాళ్లు నేల రంగు, 30 రెండో రంగు, 10 కొట్టొచ్చినట్టు కనిపించే మెరుపు రంగు చాలు. డిజైన్‌ని ఫోన్‌లో నలుపు-తెలుపుగా మార్చి చూడండి. పేరు చదవలేకపోతే ఆ రంగుల జంట పనికిరాదు.

అసలు తంటా ప్రెస్సులో. తెరమీద మెరిసే చిలకపచ్చ, నారింజ నాలుగు సిరాల ముద్రణలో మందగిస్తాయి. అందుకే రంగుని పేరుతో కాక, ఒక్కో సిరా ఎంత శాతమో అంకెలతో చెప్పాలి: నిండు ఎరుపైతే సయాన్ 0, మెజెంటా 100, యెల్లో 100, బ్లాక్ 0. చిన్న అక్షరాలకు బ్లాక్ 100 ఒక్కటే వాడండి. నాలుగు సిరాలూ కలిపితే, ప్లేటు కాస్త జరిగినా ఒత్తులు, గుడులు పూడిపోతాయి.

బయటి ఫ్లెక్సీకి ఎరుపు ఇంకా ప్రమాదం. ఎండకి సాధారణంగా మెజెంటా, యెల్లో ముందు వెలిసిపోతాయి. నీలం, నలుపు నిలుస్తాయి. పడమటి ముఖం కొట్టుకైతే లామినేషన్ చేసిన వినైల్ (ప్లాస్టిక్ షీటు) అడగండి.