విలియమ్స్ వదిలేసిన బంతులు

బోస్టన్‌లోని బేస్‌బాల్ మైదానం ఫెన్‌వే పార్కులో కుడివైపు బ్లీచర్స్‌లో, అంటే పైకప్పు లేని గ్యాలరీలో, కుర్చీలన్నీ ఆకుపచ్చవి. మధ్యలో ఒక్కటే ఎర్రది. సెక్షన్ 42, వరస 37, సీటు 21. 1946 జూన్ 9న బోస్టన్ రెడ్ సాక్స్ జట్టు బ్యాటరు టెడ్ విలియమ్స్ కొట్టిన బంతి అక్కడ గడ్డి టోపీ పెట్టుకుని కూర్చున్న ఒక ప్రేక్షకుడి నెత్తిన పడి, టోపీకి చిల్లు పెట్టింది. దూరం 502 అడుగులని లెక్క కట్టారు. అంటే 153 మీటర్లు. క్రికెట్‌లో వంద మీటర్లు దాటిన సిక్సర్‌కే టీవీవాళ్ళు నాలుగుసార్లు రీప్లే వేస్తారు. ఎర్ర కుర్చీ పక్కన నిలబడి బ్యాటరు నిలబడే హోమ్ ప్లేట్ వైపు చూస్తే అక్కడి మనిషి చిటికెనవేలి గోరంత కనిపిస్తాడు.

టూర్‌లో అందరూ ఫొటో తీసుకునేది ఇక్కడే. కానీ విలియమ్స్ గొప్పతనం ఆ కుర్చీలో ఉందనుకుంటే సగం ఊరే చూసి వచ్చినట్టు. అతన్ని అర్థం చేసుకోవాలంటే కారులో పడమరకు నాలుగు గంటలు వెళ్ళాలి, న్యూయార్క్ రాష్ట్రంలో బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ మ్యూజియం ఉన్న కూపర్స్‌టౌన్‌కి.

బయల్దేరే ముందు స్టేడియం బయట వాన్ నెస్ వీధి వైపున్న కంచు విగ్రహం చూడండి. విలియమ్స్ తన టోపీ తీసి ఒక పిల్లవాడి తలకు పెడుతున్నట్టు పోతపోశారు. క్యాన్సర్ పిల్లల కోసం జిమ్మీ ఫండ్‌కి అతను ఏళ్ళ తరబడి చేసిన పనికి గుర్తు. తమాషా ఏమిటంటే, ఆట ఆడినన్నాళ్ళూ ఈ మనిషి జనానికి టోపీ తీయనని భీష్మించుకున్నవాడు. 1960 సెప్టెంబర్ 28న ఇదే మైదానంలో తన ఆఖరి బ్యాటింగ్‌లో హోమ్‌రన్ (మన సిక్సర్ లాంటిది) కొట్టి, జనం అరుస్తున్నా తల వంచుకుని లోపలికి వెళ్ళిపోయాడు. 1991లో, డెబ్బై దాటాక, ఇక్కడికే వచ్చి టోపీ తీసి ఊపాడు.

కూపర్స్‌టౌన్‌కి రైలు లేదు. ఆట్సీగో సరస్సు ఒడ్డున చిన్న ఊరు. ఎండాకాలం మెయిన్ స్ట్రీట్‌లో పార్కింగ్ దొరకడం కష్టం కాబట్టి, ఊరి శివార్లలో కారు వదిలేసి ట్రాలీ బస్సు ఎక్కడమే సుఖం. జూలై చివర్లో కొత్తవాళ్ళను హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చుకునే వారాంతం ఉంటుంది. ఆ రోజుల్లో గది దొరకదు, దొరికినా ధర చూస్తే కళ్ళు తిరుగుతాయి. మ్యూజియం 1939 నుంచి ఉంది. చూడటం రెండో అంతస్తు నుంచి మొదలుపెడతారు. మూడు గంటలు తక్కువ కాకుండా పెట్టుకోండి.

కింది అంతస్తులో విలియమ్స్ చెక్కబొమ్మ ఒకటుంది. ఆర్మండ్ లమాంటేన్ అనే శిల్పి బాస్‌వుడ్ కర్రలో చెక్కి రంగులద్దాడు. మన కొండపల్లి బొమ్మలదీ అదే పద్ధతి, మెత్తని కర్ర, పైన రంగు. కాకపోతే ఇది నిలువెత్తు. దగ్గరకెళితే జెర్సీ ముడతల దాకా కర్రే అని తెలుస్తుంది. చూపు చేతుల మీద పెట్టండి. ఎడమచేతి బ్యాటరు, బంతి విసిరేది మాత్రం కుడిచేత్తో.

నేను వచ్చింది దీనికోసం కాదు. విలియమ్స్ స్ట్రైక్ జోన్‌ని, అంటే బ్యాటరు కొట్టగలడని నియమాలు లెక్కించే ప్లేట్ పైనున్న జాగాని, బంతులతో పేర్చి చూపించిన ప్రదర్శన ఒకటుంది. అడ్డంగా 7, నిలువుగా 11, మొత్తం 77 బంతులు. ప్రతి బంతి మీదా ఒక అంకె. ఆ చోట పడిన బంతుల్నే కొడుతూ పోతే తన సగటు ఎంత ఉంటుందో అతను వేసుకున్న అంచనా. నడుము ఎత్తున, నడిమధ్య బంతులకు 0.400, అంటే పది బ్యాటింగ్‌లకు నాలుగు హిట్లు (బంతిని కొట్టి క్షేమంగా బేస్ చేరితే హిట్). బయటివైపు కింద మూలలో బంతికి 0.230. ఇవి రికార్డు పుస్తకంలోంచి తీసిన లెక్కలు కావు, తన అనుభవం మీద తానే రాసుకున్నవి. చాలామంది ఈ సంగతి గమనించకుండా గణాంకాలుగా చెప్పేస్తుంటారు.

క్రికెట్ అలవాటున్న మనకు ఈ గోడ కొత్తగా అనిపిస్తుంది. బేస్‌బాల్‌లో బంతి నేలకు తగలదు, అన్నీ ఫుల్‌టాస్‌లే. వికెట్టు లేదు, కాపాడుకోవడానికి ఏమీ లేదు. జోన్‌లో పడ్డదాన్ని వదిలినా, ఊపి తప్పినా స్ట్రైక్; మూడు స్ట్రైకులైతే స్ట్రైకవుట్. జోన్ బయట పడిన బంతుల్ని (వీటిని ‘బాల్’ అంటారు) నాలుగు వదిలేస్తే ఊరికే మొదటి బేస్‌కి నడిచి వెళ్ళొచ్చు. అందుకని వదలడం ఇక్కడ సంపాదనే. విలియమ్స్ కెరీర్‌లో ఇలా నడిచినవి 2,021, స్ట్రైకవుట్లు 709. అతను బేస్ చేరిన నిష్పత్తి 0.482. దాన్ని ఇంతవరకూ ఎవరూ దాటలేదు.

ఈ పాఠం అతనికి 1938లో డేటోనా బీచ్ శిక్షణ శిబిరంలో రోజర్స్ హార్న్స్‌బీ చెప్పాడు. 1924లో 0.424 సగటుతో కొట్టిన మనిషి. చెప్పింది ఒకటే: కొట్టదగ్గ బంతి వచ్చేదాకా ఆగు. విలియమ్స్ దీన్ని లెక్కలోకి దించాడు. స్ట్రైక్ జోన్ వైశాల్యం సుమారు 4.2 చదరపు అడుగులు. నాలుగువైపులా రెండేసి అంగుళాలు బయటి బంతులకు కూడా బ్యాట్ ఊపే అలవాటుంటే అది 5.8 చదరపు అడుగులు అవుతుంది. బంతి విసిరే పిచ్చర్‌కి మూడో వంతుకు మించి అదనపు జాగా మనమే రాసిచ్చినట్టు. ‘రెండంగుళాలే కదా’ అనిపిస్తుంది. బంతి అడ్డం కొలతే మూడు అంగుళాల లోపు.

రెండు స్ట్రైకులు పడ్డాక మాత్రం పద్ధతి మారుతుంది. చెయ్యి పిడి మీద కాస్త పైకి జరిపి, ఊపు తగ్గించి, బంతిని మధ్యలోకో అవతలివైపుకో తోసే ఆలోచనలో ఉండాలి. అప్పుడిక మూల బంతి కూడా వదలడానికి లేదు. తొలి బ్యాటింగ్‌లో మొదటి బంతిని సాధారణంగా ఊరికే చూసి వదిలేసేవాడు, ఆ రోజు పిచ్చర్ దగ్గర ఏముందో తెలుసుకోవడానికి.

అతనలా వదిలేస్తుంటే జట్టుకు పరుగులు పోతున్నాయని పత్రికలవాళ్ళు సాధించారు. 1946లో క్లీవ్‌లాండ్ మేనేజర్ లూ బుద్రో ఫీల్డర్లను దాదాపుగా అందర్నీ కుడివైపుకు తోసేస్తే, ఖాళీగా ఉన్న ఎడమవైపుకు కొట్టడేమని టై కాబ్ లాంటివాళ్ళు విమర్శించారు. ఈ రెండో మాటలో కొంత న్యాయముంది. మొదటిదాంట్లో లేదని నా అభిప్రాయం. 0.230 బంతిని కొట్టి అవుటయ్యేవాడు జట్టుకు చేసే మేలేమిటి?

1941 లెక్క చూస్తే ఓపిక విలువ తెలుస్తుంది. ఆఖరి రోజు, సెప్టెంబర్ 28 ఉదయానికి అతనివి 448 బ్యాటింగ్‌లలో 179 హిట్లు. భాగిస్తే 0.39955. పైకి సవరిస్తే 0.400. ఆ 0.400 చేజారకుండా కావాలంటే ఆడకుండా కూర్చోమన్నాడు మేనేజర్ జో క్రోనిన్. ఫిలడెల్ఫియాలో ఆ రోజు రెండు ఆటలు. రెండూ ఆడి 8కి 6 కొట్టాడు. 456కి 185, అంటే 0.406. ఆ ఏడు మొత్తంలో స్ట్రైకవుట్లు 27. పైగా తాను క్యాచ్ అవుటవుతూ బేస్ మీదున్న రన్నర్‌ని హోమ్ ప్లేట్‌కి చేర్చే శాక్రిఫైస్ ఫ్లైని ఇప్పుడు సగటు లెక్కలోంచి తీసేస్తారు. 1941లో ఆ వెసులుబాటు లేదు.

ప్లాక్ గ్యాలరీలో అతని కంచు ఫలకం చూశాక, సాచెల్ పెయిజ్, జోష్ గిబ్సన్‌ల ఫలకాలు కూడా వెతకండి. నల్లవాళ్ళన్న కారణంగా పెద్ద లీగుల తలుపులు మూసిన కాలంలో నీగ్రో లీగుల్లో ఆడినవాళ్ళు. 1966లో తనను ఇక్కడ చేర్చుకున్నప్పుడు మాట్లాడుతూ, వాళ్ళూ ఇక్కడికి రావాలని విలియమ్స్ ఆ ఇద్దరి పేర్లూ ఎత్తాడు. 1971లో పెయిజ్, 1972లో గిబ్సన్ వచ్చారు.

బయటికొచ్చి మెయిన్ స్ట్రీట్‌లో నడిస్తే డబుల్‌డే ఫీల్డ్, పక్కనే బ్యాటింగ్ కేజ్. యంత్రం బంతులు విసురుతుంది, పిల్లలు వరసలో నిలబడతారు. అక్కడ అరగంట నిలబడితే విలియమ్స్ మాటల్ని జనం ఎక్కడ తప్పుగా అర్థం చేసుకున్నారో కళ్ళారా చూడొచ్చు.

అతను బ్యాట్‌ని కొద్దిగా పైకి ఊపమన్నాడు. కారణం సూటిగా ఉంటుంది. పిచ్చర్ దిబ్బ మీద నిలబడతాడు. 1968 దాకా దిబ్బ ఎత్తు 15 అంగుళాలు, ఆ తరవాత 10. పైనుంచి వచ్చే బంతి ప్లేట్ దగ్గరికి కిందికి వాలుతూ చేరుతుంది, ఫాస్ట్‌బాల్ సుమారు 5 డిగ్రీలు, కర్వ్ ఇంకాస్త ఎక్కువ. బ్యాట్ అదే వాలులో ఎదురెళితే రెండూ ఒకే గీత మీద ఎక్కువసేపు ఉంటాయి, ఊపు రవ్వంత ముందైనా వెనకైనా తగులుతుంది. కేజ్‌లో పిల్లలు చేసేది వేరు. వెనక భుజం కుంగదీసి, బావిలోంచి చేద లాగినట్టు బ్యాట్‌ని కిందనుంచి పైకి లాగుతారు. అప్పుడు బ్యాట్, బంతి ఒక్క బిందువులోనే కలుస్తాయి. తగిలితే ఆకాశానికి, తగలకపోతే గాలికి. భుజాలు దాదాపు సమంగా ఉంచి, నడుము ముందు తిప్పితే ఆ కాస్త పైవాలు దానంతటదే వస్తుంది.

రెండో తప్పు మణికట్టు. బంతి తగిలే క్షణంలోనే మణికట్లు తిప్పేస్తారు. చెట్టుకు గొడ్డలి వేసేటప్పుడు మణికట్టు తిప్పి చూడండి, దెబ్బలో బలం ఉండదు. తగిలేటప్పుడు పైచేతి అరచెయ్యి ఆకాశం వైపు, కిందచేతిది నేలవైపు ఉండాలి. తిరగడం ఆ తరవాత. ఇంకొకటి, బరువు బ్యాట్ మోజు. బేబ్ రూత్ 40 ఔన్సులు దాటిన రోకళ్ళు వాడితే, విలియమ్స్ 33 ఔన్సుల చుట్టుపక్కలే ఉండేవాడు. మన లెక్కలో 935 గ్రాములు, క్రికెట్ బ్యాట్ కన్నా తేలిక. అదీ తూకం వేయించేవాడు. తడి నేల మీద పడేస్తే, వానాకాలం తలుపు ఉబ్బినట్టు కర్ర చెమ్మ పీల్చి బరువెక్కుతుంది.

ఇవన్నీ కేజ్‌లో దిద్దుకోవచ్చు. దిద్దుకోలేనిది ఆ 77 బంతుల సంగతే. యంత్రం ప్రతి బంతినీ అదే చోటికి, అదే వేగంతో వేస్తుంది. టోకెన్ కొన్నాక ఒక్కటీ వదలబుద్ధి కాదు. బంతి ఎంచుకోవడం నేర్వాలంటే మీ జట్టు పిచ్చర్ ప్రాక్టీస్ చేసేటప్పుడు హెల్మెట్ పెట్టుకుని ప్లేట్ పక్కన నిలబడాలి. బ్యాట్ ఊపకూడదు. వెనకాల బంతి పట్టే క్యాచర్ చేతిలో అది పడకముందే స్ట్రైకా, బాలా అని పైకి చెప్పాలి, క్యాచర్ అవునో కాదో చెప్పాలి. 30 బంతులు చాలు. అమెరికాలో లిటిల్ లీగ్ ఆడే పిల్లలున్న మనవాళ్ళు ఇంటి దగ్గర బకెట్ నిండా టెన్నిస్ బంతులు పెట్టుకుని కూడా ఇది చేయించొచ్చు. పదేళ్ళవాడికి 40 అడుగుల దూరం చాలు, పైచెయ్యిగా విసరండి, రెండంగుళాలు బయటికి వేసినవి కొన్ని కలపండి.