ఒక బంటు ఎక్కువ

ఆదివారం, రాత్రి. బరంపురం.

ఈరోజు చదరంగం పోటీ నాలుగో రౌండులో నా ఎదుట కూర్చున్నది ఒక రిటైర్డు లెక్కల మాస్టారు. మా ఊళ్లో ఒడియావాళ్లు చాలామందిలాగే ఆయనా తెలుగు తడుముకోకుండా మాట్లాడతారు. ఆయన రేటింగు, అంటే ఆట సత్తా చెప్పే అంకె, 1530. నాది 1472. ఇందులో నా గొప్పేమీ లేదు. 2024 మార్చిలో ప్రపంచ చదరంగ సమాఖ్య ఫిడే కింది రేటింగులన్నిటినీ పైకి జరిపినప్పుడు నా 1120 రాత్రికి రాత్రి ఇంతయింది. ఎత్తుపీట ఎక్కి పొడవయ్యాననుకునే రకాన్ని నేను.

నల్లపావులతో కారో-కాన్ అనే ఆరంభం ఆడాను. ఇరవయ్యో ఎత్తుకి ఒక బంటు నాకు ఎక్కువ. ఇరవై నాలుగో ఎత్తు వేసి మాస్టారు మెల్లగా, "డ్రా చేద్దామా బాబూ?" అన్నారు. మర్యాదగా తల అడ్డంగా ఊపాను. లోపల మాత్రం మర్యాద ఏమీ లేదు. ఓడిపోతున్నవాడు అడుక్కుంటున్నాడనుకున్నాను.

ముప్పై ఒకటో ఎత్తులో గుర్రాన్ని ముట్టుకున్నాను. అది కదిలితే వెనక బంటు దిక్కులేనిదవుతుందని అప్పుడు కనిపించింది. ముట్టుకున్న పావును కదపాల్సిందే కదా! ఆ బంటు పోయింది, దాని వెంటే ఇంకొకటి. చివరికి ఆయనకు ఏనుగు, ఒక బంటు. నాకు ఒంటి ఏనుగు.

ఇక్కడ నన్ను కాపాడింది 18వ శతాబ్దపు ఫ్రెంచి ఆటగాడు ఫిలిదోర్ చూపిన దారి. రాజును బంటుకు ఎదురుగా నిలబెట్టి, ఏనుగును అవతలివాడి వైపునుంచి ఆరో వరుసలో కాపలా పెట్టాలి. అవతలి రాజు ఆ వరుస దాటలేడు. దాటించాలని బంటును ఆరో వరుసలోకి తోశారా, ఆ రాజు దాక్కునే చోటు పోతుంది. అప్పుడు ఏనుగు మొదటి వరుసకు దిగి వెనకనుంచి రాజుకు షాహ్ (చెక్) మీద షాహ్ చెప్పాలి. తొందరపడి ముందే దిగితే చిక్కుల్లో పడొచ్చు. ఒక్కో ఎత్తుకు గడియారంలో కలిసే ముప్పై సెకన్ల మీదే బతుకుతూ, కదిలించాలని దురద పెడుతున్న చేతిని తొడ కింద పెట్టుకుని కూర్చున్నాను. ఆయన బంటు తోశారు. ఏనుగు దిగింది. ఐదు షాహ్‌ల తర్వాత మాస్టారు నవ్వి చెయ్యి చాపారు.

"ఇదే డ్రా రెండు గంటల క్రితం ఇచ్చాను కదా, బాబూ!"

ఇద్దరం గేట్ బజార్ దాకా నడిచి బరా-ఘుగుని తిన్నాం. డబ్బులు ఆయనే ఇచ్చారు.

ఇంటికి వచ్చి ఆటను కంప్యూటర్లో పెట్టి చూశాను. ఇరవై నాలుగో ఎత్తు దగ్గర, నా ఎక్కువ బంటుతో సహా, అది చూపించిన అంకె సున్నా, అంటే ఇద్దరం సమానమే. మాస్టారికి ఫోను చేద్దామని తీసి, మళ్లీ పక్కన పెట్టేశాను.