ఎవరికీ ఇష్టం లేని తంతు ఏటేటా ఎలా సాగుతుంది

పేరున్న విశ్వవిద్యాలయాల్లో, ఏరికోరి కొద్దిమందినే చేర్చుకునే విద్యార్థి క్లబ్బుల్లో, చేరిక తంతు పేరిట జరిగిన హింస ఎప్పుడు బయటపడినా ‘ఇంతమందిలో ఒక్కరైనా ఆపలేదా’ అన్న ప్రశ్నే ముందుగా తడుతుంది. క్రూరులంతా ఒకచోట చేరారనుకుంటే జవాబు సులువుగానే దొరుకుతుంది గాని, ఆ జవాబు నాకు నమ్మబుద్ధి కాదు. అక్కడున్నవారిలో చాలామందికి మనసులో ఇష్టం లేకపోయినా అలాంటి తంతు నిరాటంకంగా సాగగలదని, దాని బలమంతా ఆ ఇష్టం లేనివారి మౌనంలోనే ఉందని నా అభిప్రాయం.

అమెరికాలోని సిరక్యూస్ విశ్వవిద్యాలయ విద్యార్థుల అభిప్రాయాలపై డేనియల్ కాట్జ్, ఫ్లాయిడ్ ఆల్‌పోర్ట్ 1931లో ప్రచురించిన అధ్యయనం ఇక్కడ పనికొస్తుంది. అల్పసంఖ్యాక వర్గాల విద్యార్థులను తమ ఫ్రటర్నిటీలో, అంటే విద్యార్థుల సోదర సంఘంలో, చేర్చుకోవడానికి తమకు అభ్యంతరం లేదని, మిగతా సభ్యులే ఒప్పుకోరని చెప్పినవారు అందులో కనిపించారు. ఆ ‘మిగతావారు’ కూడా విడిగా అడిగితే అదే మాట చెప్పేవారే. ఎదుటివాడి మౌనాన్ని అంగీకారంగా, తన మౌనాన్ని మాత్రం మొహమాటంగా లెక్క వేసుకోవడం వల్ల, ఎవరికీ అక్కరలేని కట్టుబాటు అందరి పేరు మీదా అమలవుతూ పోతుంది. చేరిక తంతు విషయంలో ఈ అపోహ మరింత గట్టిపడుతుంది. ఎందుకంటే అక్కడ ముఖం చిట్లించడమే పిరికితనానికి గుర్తు కనుక, లోపల వణుకుతున్నవాడు కూడా పైకి నవ్వుతాడు, ఆ నవ్వును చూసి పక్కవాడు తానొక్కడే బలహీనుణ్ణని అనుకుంటాడు.

కష్టపడి సంపాదించినదాన్ని మనిషి ఎక్కువగా ప్రేమిస్తాడన్నది ఈ క్లబ్బులు తమను సమర్థించుకోవడానికి చెప్పే మాట. దానికి శాస్త్రీయ ఆధారంగా ఇలియట్ ఆరన్‌సన్, జడ్సన్ మిల్స్ 1959లో ప్రచురించిన ప్రయోగాన్ని చూపుతుంటారు: ఒక చర్చా బృందంలో చేరడానికి ముందు సిగ్గుపడాల్సిన మాటలను పైకి చదవవలసి వచ్చిన విద్యార్థినులు, ఆ చర్చ చప్పగా ఉన్నప్పటికీ, తేలికగా చేరినవారికంటే దాన్ని మెచ్చుకున్నారు. కాని నెదర్లాండ్స్ పరిశోధకులు నిజమైన విద్యార్థి సంఘాన్ని పరిశీలించి 1997లో ప్రచురించిన అధ్యయనంలో, తంతు కఠినమైనకొద్దీ సంఘంపై మమకారం పెరిగిన దాఖలా కనిపించలేదు. కాబట్టి ప్రేమ సంగతి నేను పక్కన పెడతాను. నిరుడు అవమానం దిగమింగినవాడు ఈ ఏడు అదంతా దండగ అని ఒప్పుకుంటే, తాను పడ్డదంతా వృథా అని కూడా ఒప్పుకోవాలి; అంతకంటే అది తనను మనిషిని చేసిందని చెప్పుకోవడం, ఆ మాట నిజమని చూపించడానికి కొత్తవాడికి కూడా అదే చవి చూపించడం అతనికి తేలిక. పైగా ఆ సరికి అతను కూడా చేతులు కలిపినవాడే, బయట చెప్పాలంటే తన గుట్టు కూడా చెప్పుకోవాలి.

2017 ఫిబ్రవరిలో పెన్సిల్వేనియా రాష్ట్ర విశ్వవిద్యాలయంలోని ఒక ఫ్రటర్నిటీ ఇంట్లో, చేరిక రాత్రి మితిమీరి తాగించిన 19 ఏళ్ళ విద్యార్థి మెట్ల మీదనుంచి పడి తలకు దెబ్బ తగిలించుకున్నాడు. అంబులెన్సుకు ఫోన్ చేయడానికి దాదాపు 12 గంటలు పట్టింది, అతను దక్కలేదు. ఆ రాత్రి సాయం పిలవాలని పట్టుబట్టిన ఒక కొత్త సభ్యుణ్ణి, అంతా తాము చూసుకుంటున్నామంటూ గోడకేసి నెట్టారని అభియోగాలు మోపాలా వద్దా అని తేల్చే గ్రాండ్ జ్యూరీ నివేదిక చెబుతుంది. ప్రమాదంలో చుట్టూ జనం పెరిగినకొద్దీ సాయానికి కదిలేవారు తగ్గుతారని 1968 నాటి డార్లీ, లతానే ప్రయోగం చూపిన మాట నిజమే: మూర్ఛ వచ్చిన వ్యక్తి గొంతును తానొక్కడే వింటున్నాననుకున్నవారిలో 85 శాతం మంది అతని మాట ఆగేలోపే కదిలితే, మరో నలుగురు కూడా వింటున్నారనుకున్నవారిలో 31 శాతమే కదిలారు. అయితే ఆ ప్రయోగంలో ఉన్నది ఒకరికొకరు తెలియని మనుషులు. క్లబ్బులో ఉన్నది ‘సోదరులు’, అక్కడ బాధ్యత తిలా పాపం తలా పిడికెడుగా పంచుకుపోవడమే కాక, ఫోన్ చేసినవాడే క్లబ్బుకు ద్రోహి అవుతాడు. గోడకేసి నెట్టడం అందుకే నాకు అన్నిటికంటే ముఖ్యమైన వివరంగా తోస్తుంది. మౌనం దానంతటదే నిలవలేదు, దాన్ని కాపలా కాసినవారున్నారు.

(విద్యార్థుల్లో కొందరిని కాపలాదారులుగా, కొందరిని ఖైదీలుగా ఉంచి చేసిన 1971 నాటి స్టాన్‌ఫర్డ్ జైలు ప్రయోగాన్ని ఇలాంటి చోట తప్పకుండా ఉదహరిస్తారు. కఠినంగా ఉండమని కాపలాదారును పరిశోధక బృందంలోని వ్యక్తే పురికొల్పిన రికార్డింగు బయటపడ్డాక, అధికారం ఇస్తే చాలు ఎవరైనా క్రూరులవుతారన్న పాఠం దాని నుంచి తీయడం నాకు సబబు అనిపించదు. క్రూరత్వానికి అధికారంతో పాటు ‘ఇది మన మంచి కోసమే’ అని చెప్పే పెద్ద ఒకడు కూడా కావాలి.)

ప్రతిష్ఠ ఈ పెద్దల సంఖ్యను పెంచుతుంది. 2018 డిసెంబరులో బెల్జియంలోని లూవెన్‌కు చెందిన, సంపన్న కుటుంబాల యువకులు ఎక్కువగా ఉన్న ఒక విద్యార్థి క్లబ్బు తంతులో, 20 ఏళ్ళ నల్లజాతి విద్యార్థిని చల్లటి నీటి గుంటలో ఉంచి ఉప్పు మోతాదు మించిన చేపల సాస్ తాగించగా అతను ఆసుపత్రిలో మరణించాడు. ఆ తరువాత సభ్యులు మెసేజీలు తుడిచేశారు, అతని గది శుభ్రం చేశారు. 2023 మేలో అప్పీలు కోర్టు 18 మంది మాజీ సభ్యులకు 200 నుంచి 300 గంటల సామాజిక సేవ, తలా 400 యూరోల జరిమానా విధించడం అక్కడ పెద్ద ఆగ్రహాన్నే రేపింది. నాకు తీర్పు కంటే ముందు జరిగినదే ఎక్కువ చెబుతుంది: మనిషి పోయాక తేలు కుట్టిన దొంగల్లా ఉండిపోవడం ఒకటైతే, పద్ధతిగా ఆనవాళ్ళు చెరపడం మరొకటి. ఇలాంటి క్లబ్బుల్లో సభ్యత్వం అంటే చదువు అయ్యాక తెరుచుకునే తలుపులు. ఆ తలుపుల దగ్గర నిలబడి ఉండేది పూర్వ సభ్యులు, వారు కూడా ఒకప్పుడు అదే తంతు దాటి వచ్చినవారు, క్లబ్బు పేరు పోతే వారి పేరుకు కూడా మచ్చే. ఇరవై ఏళ్ళ కుర్రవాడు ఫోన్ అందుకునే ముందు వీరందరినీ లెక్కలోకి తీసుకుంటాడు.

2018లో పెన్సిల్వేనియా తెచ్చిన చట్టంలో తీవ్రమైన చేరిక హింసకు జైలు శిక్షతో పాటు, బాధితుడికి సాయం పిలిచినవారికి రక్షణ కూడా ఉంది. శిక్ష కంటే ఆ రక్షణే తెలివైన భాగమని నా నమ్మకం, అయినా అది కోర్టు భయాన్ని తగ్గిస్తుందే గాని తోటివారి భయాన్ని తగ్గించదు. ఆ రెండోదాని విషయంలో ప్రిన్స్‌టన్‌లో క్రిస్టీన్ ష్రోడర్, డెబొరా ప్రెంటిస్ చేసి 1998లో ప్రచురించిన పని ఆశ కలిగిస్తుంది: తాగుడు విషయంలో తోటివారు పైకి కనిపించినంత సుముఖంగా లేరని చర్చించుకున్న మొదటి సంవత్సరం విద్యార్థులు, నెలల తరువాత, తాగుడు వల్ల కలిగే నష్టం గురించి విన్నవారికంటే తక్కువ తాగుతున్నట్టు చెప్పారు. చేరిక తంతు కొనసాగాలా వద్దా అని ప్రతి క్లబ్బు సభ్యులనూ రహస్యంగా అడిగి, వచ్చిన అంకెను వారికే చదివి వినిపించడం ఈ దారిలో నేను చూడాలనుకునే మొదటి పని. ఆ ఓట్లను లెక్కించేది మాత్రం క్లబ్బు సీనియర్లు గాని, పూర్వ సభ్యులు గాని కాకూడదు.