తొలేళ్ల గింజలు

ఈసారి సెలవు దొరుకుతుందా లేదా అని చివరిదాకా టెన్షనే, ఎందుకంటే మా విజయనగరానికి అసలు పండగ దసరా కాదు, దసరా వెళ్లాక వచ్చే మంగళవారం. ఆ రోజు పైడితల్లి అమ్మవారి సిరిమాను. హైదరాబాద్‌లో ఎవరికి చెప్పినా "ఓ, ఆ పెద్ద మాను మీద పూజారి కూర్చుంటారు, అదే కదా" అంటారు. అదే, కానీ అంతే కాదు. సిరిమానుకి ముందురోజు రాత్రి జరిగే తొలేళ్ల కోసం నేను సోమవారం పొద్దున్నే రైలు దిగాను. "తొలేళ్లకి రాకుండా సిరిమానుకే వస్తే ఏటి లాభం?" అని మా తాతయ్య అనేవారు, ఆ మాట ఇప్పటికీ చెవిలో ఉంది.

అమ్మవారికి రెండు గుళ్లు. రైల్వే స్టేషన్ దగ్గర వనంగుడి, మూడు లాంతర్ల దగ్గర చదురుగుడి. స్టేషన్ నుంచి నేరుగా వనంగుడికి వెళ్లి దండం పెట్టుకునే ఇంటికి వెళ్లడం మా ఇంట్లో అలవాటు. అమ్మవారు మా ఊరి రాజుగారి చెల్లెలని, 1757లో బొబ్బిలి యుద్ధంలో అన్న చనిపోయాడని తెలిసి ఆ దుఃఖంతోనే ప్రాణం విడిచిందని, పెద్ద చెరువులో ప్రతిమగా దొరికిందని చెబుతారు. చిన్నప్పటి నుంచి ఎన్నిసార్లు విన్నానో ఈ కథ, అయినా అమ్మ చెబుతుంటే మళ్లీ కూర్చుని వింటాను. మాకు ఆవిడ ఎక్కడో పైనున్న దేవత కాదు, అన్న కోసం ఏడ్చిన ఆడపడుచు.

సోమవారం రాత్రి తొలేళ్లు. ఘటాలు కోట దగ్గరికి వెళ్లి వస్తాయి, డప్పులు మోగుతూనే ఉంటాయి, ఆ తర్వాత గుడి దగ్గర పూజారిగారు రైతులకి విత్తనాలు పంచుతారు. టీవీలో దీన్ని పెద్దగా చూపించరు. కానీ నాకు పండగ మొత్తంలో ఇదే ముఖ్యం. ఆ గింజలు తమ విత్తనాల్లో కలుపుకుని చల్లితే పంట బాగా పండుతుందని చుట్టుపక్కల పల్లెల నమ్మకం, అందుకే అంత రాత్రివేళ, అంత తోపులాటలో కూడా తువ్వాలు పరిచి నిలబడతారు. తాతయ్య ఆ గుప్పెడూ తెచ్చి చిన్న మూట కట్టి, ఏరువాక దాకా దేవుడి అరలో ఉంచేవారు. మమ్మల్ని ముట్టుకోనిచ్చేవారు కాదు.

మంగళవారం సిరిమాను గురించి చెప్పకుండా ఉండలేను. అది చింతమాను. పూజారి కలలోకి అమ్మవారు వచ్చి ఆ చెట్టు ఎక్కడుందో చెబుతుందంటారు, చెట్టున్న ఇంటివాళ్లు పసుపు కుంకుమలతో పూజ చేసి సాగనంపుతారు, కూతుర్ని అత్తారింటికి పంపినట్టు. సుమారు అరవై అడుగుల పొడవు, చివర ఆసనం మీద పూజారి, చేతిలో విసనకర్ర. ముందు పాలధార, తెల్ల ఏనుగు, అంజలి రథం, బెస్తవారి వల. చదురుగుడి నుంచి కోట వరకు మూడుసార్లు తిరుగుతుంది. కోట దగ్గర మాను వంగినట్టు కదిలినప్పుడు ఒక్కసారిగా జనమంతా "జై పైడిమాంబ" అన్నారు, నేను అరటిపండు విసురుదామని చెయ్యెత్తి అలాగే ఉండిపోయాను, కళ్లలో నీళ్లు తిరిగాయి. పక్కనున్న ముసలమ్మ నా చెయ్యి పట్టుకుని "ఇసురమ్మా, ఎలిపోతంది" అంది.

తాతయ్య పోయాక పొలం కౌలుకిచ్చేశాం. అయినా ఈసారి తొలేళ్లకి అమ్మే వెళ్లి వరసలో నిలబడింది, తెచ్చిన గింజల్ని కొంగున ముడేసుకుంది. బుధవారం పొద్దున కౌలు చేసే అతను మా ఇంటికి వస్తే ఆ ముడి విప్పి సగం అతని చేతిలో పోసింది. అతను చెప్పులు వదిలేసి, రెండు చేతులూ పట్టి, కళ్లకద్దుకుని, "మీ నాన్నగారు కూడా ఇలాగే ఇచ్చేవారమ్మా" అన్నాడు. మిగతా సగం అమ్మ దేవుడి అరలో పెట్టింది.