ఒకే ఇంట్లో ఇద్దరు పిల్లలు, రెండు రకాల కాగితాలు

డాలస్ చుట్టుపక్కల ఇద్దరు పిల్లలున్న తెలుగు ఇళ్లలో చాలాచోట్ల పెద్దవాళ్లు ఇండియాలో పుట్టినవాళ్లు, చిన్నవాళ్లు ఇక్కడ పుట్టినవాళ్లు. మా ఇంట్లోనూ అంతే. అమ్మాయి హైదరాబాద్‌లో పుట్టి మూడేళ్లప్పుడు మాతో వచ్చింది. అబ్బాయి టెక్సాస్‌లోనే పుట్టాడు. ఇప్పుడు అమ్మాయికి 20, అబ్బాయికి 17. ఇద్దరూ ఒకే బడికి వెళ్లారు, ఒకే కంచంలో పెరుగన్నం తిన్నారు, ఒకే రిమోట్ కోసం కొట్టుకున్నారు. అమ్మాయికి బొమ్మలంటే ప్రాణం. అబ్బాయికి వంటంటే ప్రాణం.

అమ్మాయి ఈమధ్యే అచ్చంగా బొమ్మల చదువు చదవాలన్న ఆలోచన మానుకుని, కంప్యూటర్ కలిసిన కోర్సు ఎంచుకుంది. అబ్బాయేమో పన్నెండో తరగతి అవగానే కమ్యూనిటీ కాలేజీలో వంట కోర్సు చేస్తానంటున్నాడు. గుళ్లో కలిసే పెద్దవాళ్లు, "అమ్మాయి బుద్ధిమంతురాలమ్మా, అబ్బాయినే కాస్త దారిలో పెట్టుకో" అంటారు. నా వయసువాళ్లు, "మీవాడికి ధైర్యం ఎక్కువండీ, ప్యాషన్ కోసం నిలబడ్డాడు. అమ్మాయే సేఫ్‌గా ఆలోచించింది" అంటారు. రెండు మాటలూ నాకు గుచ్చుకుంటాయి. నా కూతురిది పిరికితనం కాదు, నా కొడుకుది మొండితనం కాదు. వాళ్ల పాస్‌పోర్టులు వేరు: ఇక్కడ పుట్టాడు కాబట్టి వాడు అమెరికా పౌరుడు, అమ్మాయి కాదు.

ఇది కొంచెం విడమరిచి చెప్పాలి. ఇండియాలో ఉన్న మావాళ్లకే కాదు, ఇక్కడ గ్రీన్‌కార్డ్ వచ్చేసినవాళ్లకి కూడా ఈ బాధ త్వరగా మరుపుకొస్తుంది. మావారిది హెచ్-1బి, అంటే కంపెనీ వేయించే ఉద్యోగ వీసా. అమ్మాయిది దానిమీద ఆధారపడిన హెచ్-4. ఉద్యోగాల కోటాలో అమెరికా ఏడాదికి ఇచ్చే గ్రీన్‌కార్డులు సుమారు 1,40,000. అందులో ఏ ఒక్క దేశంలో పుట్టినవాళ్లకైనా మామూలుగా 7 శాతానికి మించి దక్కవు. మేం 2015లో వరసలో నిలబడ్డాం, ఇంకా నిలబడే ఉన్నాం. వచ్చే జనవరిలో అమ్మాయికి 21 నిండుతాయి, హెచ్-4 పోతుంది. చదువు సాగాలంటే ఎఫ్-1 అనే విద్యార్థి వీసాకి మారాలి. అంటే సైకిల్ తొక్కడం నేర్చుకున్న ఊళ్లోనే విదేశీ విద్యార్థిని అవుతుంది.

ఎఫ్-1 వాళ్లకి చదువయ్యాక పని చేసుకోవడానికి ఓపీటీ అని 12 నెలలు ఇస్తారు. స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, లెక్కలు) జాబితాలో ఉన్న చదువైతే మరో 24 నెలలు. అచ్చంగా బొమ్మలే చదివితే ఆ ఒక్క ఏడాదిలోనే ఉద్యోగం దొరకాలి, ఆ కంపెనీ హెచ్-1బి వేయడానికి ఒప్పుకోవాలి, 85,000 వీసాల లాటరీలో పేరు రావాలి. స్టెమ్ అయితే ఈసారి కాకపోతే మళ్లీ ఏడాది ప్రయత్నించే వీలుంటుంది. ఈ లెక్క వేసింది మేం కాదు, అమ్మాయే. స్కెచ్‌బుక్ వెనక అట్ట మీద రెండు నిలువు వరసలు గీసి, ఒకవైపు తనకి కావలసినవి, ఇంకోవైపు వీసాకి కావలసినవి రాసుకుంది. రెండింట్లోనూ పడేది ఏముందని వెతికితే, బొమ్మలూ కంప్యూటరూ కలిసిన కోర్సుల్లో కొన్ని ఆ జాబితాలో ఉన్నాయని తేలింది. అంత ఓపికగా వెతికిన పిల్లని 'సేఫ్‌గా ఆలోచించింది' అంటే నాకు కోపం రాదూ?

పోయినేడాది మాకు తెలిసిన ఒకావిడ కూతురి పెళ్లి శుభలేఖకి అమ్మాయి చేత బొమ్మ వేయించుకున్నారు. పల్లకి, దాన్ని మోసే బోయీలు, ముందు బుగ్గలు ఉబ్బించి సన్నాయి వాయించే మనిషి. ఆ సన్నాయి మనిషి బుగ్గలు కుదరలేదని ఎన్నిసార్లు చెరిపిందో. బొమ్మ చూసి ఆవిడ పొంగిపోయి కవరులో డబ్బు పెట్టిచ్చారు. అమ్మాయి వెనక్కిచ్చేసింది. మొహమాటం అనుకుని ఆవిడ, "అత్తలాంటిదాన్ని, తీసుకోవే" అంటూ చేతిలో కుక్కారు. హెచ్-4 పిల్లలు పని చేసి డబ్బు తీసుకోకూడదు. బొమ్మ వేసి తీసుకున్నా అది పనికిందే లెక్క. అది ఆవిడకి అర్థమయ్యేలా చెప్పేసరికి నా గొంతు పట్టుకుపోయింది. కారెక్కాక అమ్మాయి, "తమ్ముడు అప్పుడే జీతం తెచ్చుకుంటున్నాడమ్మా. నా పనికి నేను డబ్బు తీసుకుంటే తప్పా?" అంది. ప్యాషన్ గురించి ఇంతింత మాట్లాడేవాళ్లు ఆ ప్రశ్నకి జవాబు చెప్పాలి.

అబ్బాయి శని, ఆదివారాలు ఒక రెస్టారెంట్ వంటింట్లో పనిచేస్తాడు. 18 నిండనివాళ్లు మాంసం కోసే మెషీన్ ముట్టుకోకూడదని చట్టం, అందుకని కత్తితో తరిగే పనంతా వీడిదే: ఉల్లిపాయలు, క్యారెట్లు, బుట్టలకొద్దీ. రాత్రి ఇంటికొస్తే జుట్టులోంచి వేపుడు వాసన. "గోళ్లు కనపడకుండా వేళ్లు లోపలికి ముడుచుకోమ్మా, తెగదు" అని నాకు కత్తి పట్టుకోవడం నేర్పిస్తున్నాడు. మొన్న గుత్తివంకాయకి పల్లీలు, నువ్వులు, కొబ్బరి విడివిడిగా వేయించి, దేని రంగు ఎప్పుడు మారుతుందో పక్కన కాగితం మీద రాసుకున్నాడు. ఇష్టం ఉన్న పిల్లాడు ఎలా ఉంటాడో చూస్తే తెలిసిపోతుంది. భయాలు నాకూ ఉన్నాయి. గంటలకొద్దీ నిలబడే పని, కాలిన చేతులు, చిన్న హోటళ్లలో ఇన్సూరెన్స్ అంతంతమాత్రం. అయితే 2010 నాటి చట్టం పుణ్యమా అని పిల్లలు 26 ఏళ్లు నిండేదాకా తల్లిదండ్రుల ఇన్సూరెన్స్‌లో ఉండొచ్చు. నిలదొక్కుకోవడానికి వాడికి అన్నేళ్ల టైముంది. దెబ్బ తిన్నా వాణ్ని దేశం విడిచి వెళ్లమనేవాళ్లు లేరు.

మా నాన్న తెనాలిలో బ్యాంకు గుమాస్తా. రాత్రిళ్లు పద్యనాటకాల్లో కృష్ణుడి వేషం. తెల్లారుజామున వచ్చి కొబ్బరినూనె, పాతగుడ్డతో రంగు తుడుచుకుని, పదింటికల్లా కౌంటర్లో కూర్చునేవారు. చెవి వెనక కాస్త నీలం మిగిలేది. డబ్బు కట్టడానికొచ్చిన రైతులు అది చూసి, "రాత్రి ఏ ఊరు బాబూ?" అని అడిగేవారు. నెలజీతం ఉండబట్టే నచ్చని నాటకాల కాంట్రాక్టరుకి నమస్కారం పెట్టి వచ్చేయగలిగానని నాన్న ఎప్పుడూ చెప్పేవారు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలై, తరాల తరబడి ఇంటిల్లిపాదీ నాటకమే బతుకుగా నిలిచిన సురభి వాళ్లంటే ఆయనకి ఎంతో గౌరవం. వాళ్ల కష్టాలూ ఆయనకి తెలుసు. ఉద్యోగం కళకి శత్రువని నేనెప్పుడూ అనుకోకపోవడానికి ఆయనే కారణం. అమ్మాయికి ఈ కథ ఎన్నోసార్లు చెప్పాను. ఈమధ్య విని ఏమందంటే, "తాతయ్య సాయంత్రం వేషం వేస్తే వీసా పోయేది కాదు కదమ్మా." నిజమే. తాతయ్య దారి దానికి కూడా పూర్తిగా తెరిచి లేదు.

ఇక మావారి సంగతి. ఆయన గుంటూరులో ఇంటర్ పిల్లలకి లెక్కలు చెప్పిన మనిషి. ఇప్పటికీ అబ్బాయికి లెక్క చెప్పేటప్పుడు ఆ ముఖంలో వచ్చే కళ ఆఫీసు మీటింగుల్లో నేను చూడలేదు. హెచ్-1బి ఉద్యోగం పోతే వేరేది వెతుక్కోవడానికి గరిష్ఠంగా 60 రోజులు. ఇల్లు, ఇన్సూరెన్స్, పిల్లల చదువు, అన్నీ ఆ ఒక్క ఉద్యోగం మీదే ఉన్నాయి. మీకేం ఇష్టమని ఈ దేశంలో ఆయన్ని ఎవరూ అడగలేదు. అబ్బాయికి 21 నిండాక పౌరుడిగా మా ఇద్దరికీ గ్రీన్‌కార్డ్ అడగొచ్చు, తల్లిదండ్రులకి ఆ దారిలో కోటా లేదు. మా వరస కదిలేలోపు అదే ముందొచ్చేలా ఉంది. అప్పుడు కాలేజీలో లెక్కలు చెప్పే పని చూసుకుంటానంటారు. అక్కకి మాత్రం తమ్ముడి అర్జీ ఇప్పట్లో అక్కరకి రాదు. తోబుట్టువుల వరస ఏళ్లూ పూళ్లూ పడుతుంది.

అందుకే మేం దాచిన డబ్బుని సగం సగం చేయలేదు. అబ్బాయి పని చేసుకోవచ్చు, ప్రభుత్వం ఇచ్చే స్టూడెంట్ లోన్ అడగొచ్చు. అమ్మాయికి ఆ లోన్ రాదు. కాబట్టి ఎక్కువ భాగం తన ఫీజులకే. ఇద్దర్నీ కూర్చోబెట్టి, బ్యాంకులో ఎంతుందో, ఎవరికి ఎంతో, ఎందుకో అంకెలతో సహా చెప్పాం. మావారు ఒక్క షరతు పెట్టారు, వంట కోర్సుతోపాటు అకౌంట్స్ కూడా చదవాలని. "అక్కకే ఇవ్వండి నాన్నా, అకౌంట్స్ కూడా చదువుతా. నాకు మాత్రం మంచి కత్తుల సెట్టు కొనివ్వండి" అన్నాడు అబ్బాయి. ఎఫ్-1 వచ్చాక అమ్మాయి క్యాంపస్‌లో వారానికి 20 గంటలదాకా పనిచేయొచ్చు. యూనివర్సిటీలో కార్యక్రమాల పోస్టర్లు తయారుచేసే ఆఫీసుకి దరఖాస్తు పెడతానంటోంది. గంటకి ఎంతిస్తారో అప్పుడే కనుక్కుంది కూడా.