యుద్ధ స్మారకానికి రూపశిల్పి ఎంపిక: నా అనుభవం

సికింద్రాబాద్ కంటోన్మెంట్ చుట్టుపక్కల స్థిరపడిన మాజీ సైనికుల సంఘం ఒకటి, తెలుగు నేల నుంచి సైన్యంలో చేరి ప్రాణాలిచ్చిన తమ సహచరుల పేర్లతో ఒక స్మారకం నిర్మించాలని తీర్మానించి, దానికి రూపశిల్పిని ఎంపిక చేసే పనిని నడిపించమని నన్ను కోరింది. నేను హైదరాబాదులో చాలాకాలంగా పనిచేస్తున్న ఆర్కిటెక్టును. సైన్యంలో పనిచేసినవాణ్ని కాను. డిజైన్ సమర్పించకుండా, తీర్పులో ఓటు వేయకుండా, పోటీ మొత్తం నియమాల ప్రకారం జరిగేలా చూసే సలహాదారు బాధ్యత నాది. ఇటువంటి పని తలకెత్తుకోబోయే ఇతర సంఘాలకు, గ్రామాలకు ఉపయోగపడుతుందన్న ఉద్దేశంతో ఆ క్రమాన్ని రాస్తున్నాను.

మొదటి సమావేశంలో కార్యదర్శి గారు, ఆయన సుబేదార్ మేజర్‌గా పదవీ విరమణ చేసినవారు, "స్థలం ఉంది, చందాలు వస్తున్నాయి, మంచి బొమ్మ గీసిచ్చేవాళ్లు దొరికితే చాలు సార్" అన్నారు. టెండరు పిలుద్దామని ఒకరు, తమకు తెలిసిన విగ్రహాల శిల్పికి నేరుగా అప్పగిద్దామని మరొకరు సూచించారు. టెండరులో ఎవరు తక్కువ ఫీజు అడిగితే వారికి పని దక్కుతుంది. మొత్తం ఖర్చులో డిజైన్ ఫీజు చిన్న భాగమే కనుక అక్కడ ఆదా అయ్యేది స్వల్పం, పోగొట్టుకునేది మాత్రం తరాల పాటు నిలవవలసిన రూపం. తెలిసినవారికి అప్పగిస్తే వారి చేతికి అలవాటైన రూపమే వస్తుంది, మరో ఆలోచనతో పోల్చి చూసుకునే అవకాశం ఉండదు. అందుకే పోటీ పెట్టాలని నేను పట్టుబట్టాను.

ఢిల్లీలోని జాతీయ యుద్ధ స్మారకం సంగతి అప్పుడే చెప్పాను. దశాబ్దాల ఎదురుచూపు తరువాత కేంద్ర మంత్రివర్గం 2015 అక్టోబరులో దానికి ఆమోదం తెలిపింది. ప్రపంచవ్యాప్తంగా పిలిచిన డిజైన్ పోటీకి 427 ఎంట్రీలు వచ్చాయి. క్రిస్టఫర్ బెన్నింగర్ అధ్యక్షతన ఏర్పడిన జ్యూరీ చెన్నైకి చెందిన వీబీ డిజైన్ ల్యాబ్‌ను 2017లో ఎంపిక చేసింది. యోగేశ్ చంద్రహాసన్ నాయకత్వంలోని ఆ సంస్థ పేరు అప్పటికి సామాన్య జనానికి తెలిసినది కాదు. అమర చక్రం, వీరతా చక్రం, త్యాగ చక్రం, రక్షక చక్రం అనే నాలుగు వలయాలుగా, ఇండియా గేటు పక్కనే దాన్ని మించి తల ఎత్తకుండా ఒదిగిన ఆ నిర్మాణం 2019 ఫిబ్రవరి 25న ప్రారంభమైంది. త్యాగ చక్రంలో ప్రతి అమరుడికీ విడిగా ఒక గ్రానైట్ పలక ఉంది. పోటీ లేకుండా ఈ రూపం మనకు దక్కేదని నేను అనుకోను.

పోటీకి అందరూ ఒప్పుకున్నాక నేను అడిగింది డ్రాయింగులను కాదు, ప్రశ్నలకు సమాధానాలను. ఎవరి పేర్లు చెక్కుతాం? యుద్ధాల్లో మరణించినవారివేనా, సియాచిన్ వంటి చోట మంచు చరియల కింద పోయినవారివి కూడానా? ఏ క్రమంలో? ఏ లిపిలో? దండ ఎక్కడ పెడతారు, ముసలి తల్లి ఎక్కడ కూర్చుంటుంది, జూలై 26న కార్గిల్ విజయ దినోత్సవం నాడు ఎంతమంది నిలబడతారు? వీటికి సంఘం దగ్గర సమాధానం లేకపోతే, వచ్చే ప్రతి డిజైనరూ తనకు తోచిన సమాధానం ఊహించుకుంటాడు. అప్పుడు మనం పోల్చేది ఒకే ప్రశ్నకు వచ్చిన జవాబులను కాకుండా వేర్వేరు ఊహలను. అమెరికాలో 1981లో వియత్నాం యుద్ధ స్మారకానికి పోటీ పెట్టినప్పుడు నిర్వాహకులు కోరినవి కొద్ది షరతులే: మరణించినవారి, ఆచూకీ తెలియనివారి పేర్లన్నీ ఉండాలి, చూసేవారిని ఆలోచనలో పడేయాలి, పరిసరాలతో కలిసిపోవాలి, యుద్ధం గురించి రాజకీయ వ్యాఖ్య చేయకూడదు. ఒక్క పేజీలో పట్టే ఆ షరతుల నుంచే గోడ మీద పేర్లు అనే ఆలోచనకు దారి దొరికింది.

మా షరతుల పత్రం తయారు కావడానికి అన్నిటికంటే ఎక్కువ కాలం పట్టింది, పట్టనివ్వాలనే నేను కోరుకున్నాను. హోదా వారీగా పేర్లు పెట్టాలని కొందరు అధికారులు అన్నారు. ఒక మాజీ హవల్దార్ లేచి, "బతికున్నప్పుడు సెల్యూట్ కొట్టినం సార్, అందులో తప్పు లేదు. ప్రాణం ఇచ్చిన కాడ అందరిదీ ఒకటే లెక్క" అన్న తరువాత ఆ ప్రతిపాదన మళ్లీ రాలేదు. మరణించిన తేదీల క్రమంలో, అందరివీ ఒకే పరిమాణం అక్షరాలతో, హోదా, రెజిమెంటు పేరు కింద చిన్నగా ఉండేటట్లు తీర్మానించారు.

ఖాళీ పలకల ప్రస్తావన మాత్రం అంత తేలిగ్గా తేలలేదు. 2020 జూన్‌లో గల్వాన్ లోయలో సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్ బాబుతో పాటు మరణించిన సైనికుల పేర్లను తరువాత జాతీయ స్మారకంలో చేర్చారు. అలా చేర్చగలిగే ఏర్పాటు మాకూ కావాలి. కొన్ని పలకలను ముందే అమర్చి ఖాళీగా ఉంచడం నిర్మాణరీత్యా సులభమని నేనే చెప్పాను. అప్పటిదాకా మాట్లాడని ఒక వీరనారి (అమరుడైన సైనికుడి భార్య), "ఖాళీ రాయి చూస్తే ఇంకెవరి బిడ్డ కోసమో ఎదురుచూస్తున్నట్టు ఉంటుందండీ, సర్వీసులో పిల్లలున్న తల్లులు అక్కడ నిలబడలేరు" అన్నారు. షరతుల పత్రంలో ఆ మాట దాదాపు అలాగే చేరింది: కొత్త పేర్లకు చోటు ఉండాలి, కానీ ఆ చోటు ఖాళీగా ఎదురుచూస్తున్నట్టు కనిపించకూడదు. వచ్చిన డిజైన్లలో మంచివాటిని మామూలువాటి నుంచి వేరు చేసింది ముఖ్యంగా ఈ ఒక్క వాక్యమే.

స్థల వివరాలతో పాటు మన ప్రాంతపు స్మరణ సంప్రదాయం గురించి కూడా పత్రంలో కొంత రాశాను. తెలంగాణ, రాయలసీమ ఊళ్ల పొలిమేరల్లో ఇప్పటికీ నిలిచిన వీరగల్లుల మీద కింద పోరాడుతున్న వీరుడు, పైన అతణ్ని అప్సరసలు తోడుకొని వెళ్లే దృశ్యం చెక్కి ఉంటాయి. పల్నాటి కారెంపూడిలో వీరుల గుడి ఉంది, ఏటా కార్తీకంలో ఉత్సవం జరుగుతుంది, వీరుల ఆయుధాలకు పూజ చేస్తారు. తాడేపల్లిగూడెం దగ్గర మిలిటరీ మాధవరంలో తరాలుగా ఇళ్లిళ్లూ సైన్యానికి మనుషులను పంపుతున్నాయి. పోటీదారులు వీటిని అనుకరించాలని నా ఉద్దేశం కాదు. చనిపోయినవారిని తలచుకోవడం మన దగ్గర రాయిని తాకడంతో, పసుపు కుంకుమలతో, పేరు పెట్టి పిలవడంతో కలిసి ఉంటుందని, దూరం నుంచి చూసి వెళ్లే వస్తువు ఇక్కడ చాలదని వారు గ్రహించాలని కోరుకున్నాను.

జ్యూరీ కూర్పు మీద గట్టి చర్చే జరిగింది. సైనికుల స్మారకానికి సైనికులే తీర్పు చెప్పాలని పలువురి అభిప్రాయం. అంతర్జాతీయ ఆర్కిటెక్టుల సంఘం నియమాల ప్రకారం జ్యూరీలో వృత్తి నిపుణులదే ఆధిక్యం కావాలి. వియత్నాం స్మారకం జ్యూరీలో ఉన్న ఎనిమిది మందిలో ఏడుగురు ఆర్కిటెక్టులు, ల్యాండ్‌స్కేప్ నిపుణులు, శిల్పులే. చివరికి నిపుణులు ఎక్కువగా, వారితో పాటు ఒక విశ్రాంత బ్రిగేడియర్ గారు, ముందు చెప్పిన వీరనారి సభ్యులుగా జ్యూరీ ఏర్పడింది. జ్యూరీ నిర్ణయానికి సంఘం కట్టుబడి ఉంటుందని ప్రకటనలోనే రాయించాను.

పేర్లు దాచడం గురించి నేను ఏమాత్రం పట్టు సడలించలేదు. వియత్నాం స్మారకానికి వచ్చిన 1,421 ఎంట్రీల్లో గెలిచినది 1026వ నంబరు. కవరు తెరిచాక తెలిసింది, అది యేల్ విశ్వవిద్యాలయంలో చదువుతున్న 21 ఏళ్ల మాయా లిన్ అనే విద్యార్థినిదని. పేరు, వయసు ముందే తెలిసి ఉంటే ఆ డిజైన్ అంత దూరం వచ్చేదా అన్నది నాకు సందేహమే. మా దగ్గర ప్రతి ఎంట్రీకి ఒక సంకేత సంఖ్య, పేరుతో విడిగా సీలు వేసిన కవరు. కంప్యూటర్ ఫైళ్ల లోపలి వివరాల్లో తయారుచేసినవారి పేరు ఉండిపోతుంది కాబట్టి వాటిని తొలగించి ముద్రించాం. సందేహాలు రాతపూర్వకంగానే తీసుకుని, జవాబులను అందరికీ ఒకేసారి పంపాం. సిఫారసు చేయించినవారి ఎంట్రీ రద్దవుతుందని ముందే చెప్పినందువల్ల ఫోన్లు వచ్చినా త్వరగానే ఆగిపోయాయి.

తొలి దశకు వచ్చిన డ్రాయింగులను కమ్యూనిటీ హాలు గోడల నిండా అతికించాం. మొదటి చుట్టు ఎవరూ ఎవరితోనూ మాట్లాడకుండా చూడాలన్నది నియమం. తలకిందులుగా నిలబెట్టిన తుపాకి, దాని మీద హెల్మెట్, జ్వాల, జెండా పట్టుకున్న సైనికుడు పదేపదే కనిపించాయి. అవి గౌరవనీయమైన చిహ్నాలే, కానీ పేర్లను ఒక మూలకు నెట్టేసిన డిజైన్లు మా ప్రశ్నకు జవాబు చెప్పలేదు. మరో సంగతి కూడా గమనించాను. కంప్యూటర్ బొమ్మలన్నీ సంధ్యవేళవే. నీడలు పొడవుగా, నేల తడిగా మెరుస్తూ. హైదరాబాదు మే నెల మధ్యాహ్నం పాలిష్ చేసిన నల్ల గ్రానైట్ మీద చేయి ఆనించలేమని తెలిసినవారు అలా గీయరు.

అందుకే రెండో దశకు నిలిచిన కొద్దిమందికి సమానంగా గౌరవ వేతనం ఇచ్చి రెండు అదనపు పనులు కోరాం. ఒకటి, మే నెల మధ్యాహ్నం పన్నెండు గంటలకు ఆ చోటు ఎలా ఉంటుందో, నీడ ఎక్కడ పడుతుందో చూపే డ్రాయింగు. రెండు, నిజమైన రాతి పలక మీద 'కృష్ణమూర్తి' అన్న పేరును తాము అనుకున్న పరిమాణంలో చెక్కి తీసుకురావడం. ఇంగ్లిష్ అక్షరాలకు సరిపోయే కొలతలో తెలుగు చెక్కితే వత్తులు, గుణింతపు గుర్తులు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. ఇసుకను ఒత్తిడితో చిమ్మి చెక్కే శాండ్‌బ్లాస్టింగ్‌లో అంచులు ఇంకా మొద్దుబారతాయి. బంగారు రంగు నింపిన అక్షరం ఎండకు వెలిసిపోతే చదవడానికి మిగిలేది లోతు మాత్రమే. కాగితం మీద ఎంతో బాగున్న ఒక డిజైన్ ఈ రాతి పలక దగ్గరే వెనకబడింది. ఆ పలక మీద పేరును వేలితో తడిమి చదవడానికి ప్రయత్నించిన వీరనారి, "ఇది మా పిల్లలకు చదవరాదు" అన్నారు. నిపుణులు కూడా ఆ మాటకు ఎదురు చెప్పలేదు.

చివరి రోజు బ్రిగేడియర్ గారు, ఎంపిక కాబోతున్న డిజైన్‌లో సైనికుడి విగ్రహం లేకపోవడం లోటని వాదించారు. వాషింగ్టన్‌లోని వియత్నాం స్మారకం విషయంలోనూ ఇదే అభ్యంతరం వచ్చి, 1984లో ఫ్రెడరిక్ హార్ట్ చేసిన ముగ్గురు సైనికుల విగ్రహాన్ని గోడకు కొంత దూరంలో చేర్చారు. బ్రిగేడియర్ గారి అభ్యంతరాన్ని నేను తేలికగా తీసుకోలేదు. జ్యూరీ నివేదికలో యథాతథంగా నమోదైంది. మెజారిటీ మాత్రం వేపచెట్ల నీడలో నడిచే దారి పక్కన నడుము ఎత్తు గోడలుగా సాగే డిజైన్‌నే ఎంచుకుంది. అందులో కొత్త పేరు వచ్చినప్పుడు కొత్త పలక చేరి గోడ పొడుగవుతుంది. అప్పటిదాకా గోడ చివర కూర్చునే అరుగుగా ముగుస్తుంది. నివేదిక మీద అందరూ సంతకాలు చేశాకే కవరు తెరిచాం. గెలిచినవారు చదువు ముగించి ఎక్కువ కాలం కాని ఇద్దరు యువ ఆర్కిటెక్టులు. అనుభవం ఉన్న స్ట్రక్చరల్ ఇంజినీరును జతచేసుకోవాలన్న షరతుకు వారు వెంటనే ఒప్పుకున్నారు.

ఫలితం తెలిశాక పెద్ద మొత్తం ఇస్తానన్న ఒక దాత, మరింత ఠీవిగా ఉన్న రెండో డిజైన్ తీసుకోవాలని, లేదా ఫేస్‌బుక్‌లో ఓటింగ్ పెట్టాలని కోరారు. కెనడాలో ఆఫ్ఘనిస్థాన్‌లో పనిచేసిన సైనికుల స్మారకానికి జ్యూరీ ఒక బృందాన్ని ఎంపిక చేయగా, ప్రభుత్వం 2023లో ఆన్‌లైన్ సర్వే స్పందనలను కారణంగా చూపి మరో బృందానికి పని అప్పగించింది. ఆ వ్యవహారం పార్లమెంటు కమిటీ దాకా వెళ్లింది. సంఘం కమిటీకి ఇదంతా వివరించాను. కార్యదర్శి గారు ప్రకటనలోని నియమం చదివి వినిపించి, "మాట ఇచ్చినం, దాటేది లేదు" అన్నారు. దాత చందా తగ్గించుకున్నారు. గోడ పొడవు తగ్గించకుండా, దారి రాతి పరుపును తరువాతి దశకు వాయిదా వేసి ఖర్చు సర్దుకున్నాం.

ఒప్పందంలో ఫీజు పని దశలను బట్టి చెల్లించాలని, డిజైనర్లను సంప్రదించకుండా అక్షరాల పరిమాణం, పేర్ల క్రమం మార్చకూడదని, పలకల గని పేరు, చెక్కే పద్ధతి నమోదు చేసి సంఘం దగ్గర భద్రపరచాలని రాశాం. చాలా ఏళ్ల తరువాత చేర్చే పలక కూడా పాతవాటితో కలవాలి కదా. ప్రస్తుతం రికార్డు ఆఫీసుల నుంచి, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాల నుంచి వచ్చిన ఇంగ్లిష్ జాబితాలను తెలుగులో రాసి కుటుంబాలకు పంపుతున్నాం. ఇంటిపేరు ముందా వెనకా, దీర్ఘం ఉందా లేదా అన్నది వారే సరిచూసి సంతకం చేయాలి. ఆ సంతకం వచ్చిన పేరునే చెక్కడానికి ఇస్తున్నాం. సంతకాలు ఇంకా రావలసిన కుటుంబాల ఇళ్లకు సంఘ సభ్యులు స్వయంగా వెళ్తున్నారు.