రాళ్ల కింద తడి

కుండీలో రాళ్లు ఎక్కువ వేస్తే నీళ్లు నిలవవు, వేరు కుళ్లదు. హైదరాబాద్‌లో మిద్దెతోట పెంచేవాళ్లలో చాలామంది నమ్మే మాట ఇది. ఇందులో సగమే నిజం. మిగతా సగం ఎక్కడ తప్పుతోందో తెలియాలంటే, రాళ్ల నేలలో ఎవరూ నీళ్లు పోయకుండానే మొక్కలు బతికే చోటికి వెళ్లి తవ్వి చూడాలి. అందుకే జూలై మొదటి వారంలో మేం ముగ్గురం హిమాచల్ ప్రదేశ్‌లోని లాహౌల్‌కు బయల్దేరాం. బ్యాగులో 2 మి.మీ. కన్నాల స్టీలు జల్లెడ, చిన్న పార, లీటరు కొలత మగ్గు, వెడల్పు మూతి సీసా, మట్టిలో గుచ్చే థర్మామీటరు, కొలత టేపు ఉన్నాయి. మట్టి చూడటానికి ఇంతకంటే ఎక్కువ సరంజామా అక్కర్లేదు.

శంషాబాద్ నుంచి ఢిల్లీకి విమానం, అక్కడి నుంచి రాత్రి బస్సులో మనాలి. హైదరాబాద్ ఎత్తు సుమారు 540 మీటర్లు, మనాలి 2,050, మేం చేరాల్సిన బారాలాచా కనుమ దాదాపు 4,890. పైకి పోయేకొద్దీ ప్రతి 1,000 మీటర్లకు సగటున 6.5 డిగ్రీల చొప్పున గాలి చల్లబడుతుంది. ఆ లెక్కన ఇంటికీ కనుమకూ మధ్య తేడా 28 డిగ్రీలు. ఒక్కసారిగా అంత ఎత్తుకు పోతే తలనొప్పి, వాంతులు తప్పవు. మనాలిలో ఒక రోజు, కేలాంగ్‌లో రెండు రాత్రులు ఆగి పైకి వెళ్లడం మంచిది.

మనాలి వైపు దేవదారు అడవిలో మట్టిని చేత్తో పిండితే స్పాంజిలా నొక్కుకుంది. పైన ఎండిన సూదుల్లాంటి ఆకులు, వాటి కింద సగం కుళ్లిన నల్లటి పొర, ఆ కింద గోధుమరంగు మన్ను. ఇలాంటి నేలలు ఎక్కడైనా చూడొచ్చు కాబట్టి అక్కడ ఎక్కువసేపు ఆగలేదు.

అటల్ సొరంగాన్ని 2020 అక్టోబరు 3న ప్రారంభించారు. పొడవు 9.02 కిలోమీటర్లు. ఇటు ముఖం దగ్గర కారు అద్దం మీద చినుకులు, అటు ముఖం దగ్గర నీలాకాశం. రుతుపవన మేఘాలు పీర్ పంజాల్ కొండలకు తగిలి చాలావరకు కులూ వైపే కురిసేస్తాయి. లాహౌల్‌కు వానకంటే చలికాలంలో పడే మంచే ఆధారం. సొరంగం దాటి సిస్సూ వైపు మళ్లగానే చంద్రా నదికి రెండు పక్కలా బూడిదరంగు రాళ్ల రాశులు శంకువుల్లా కొండకు ఆని కనిపిస్తాయి. భూగర్భ శాస్త్రంలో వీటిని స్క్రీ అంటారు.

ఈ రాళ్లను కొండ నుంచి విడగొట్టేది నీరే. పగులులో చేరిన నీరు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బుతుంది. అంతకంటే బలంగా పనిచేసేది మరొకటుంది. సున్నాకు కొన్ని డిగ్రీలు కింద ఉన్నప్పుడు పగుల్లోని పలుచటి ఐసు చుట్టుపక్కల తడిని తనవైపు లాక్కుంటూ మెల్లగా మందమవుతుంది. పొరలుగా చీలే రాయి కాబట్టి రాలిన ముక్కలన్నీ పెంకుల్లా బల్లపరుపుగా ఉన్నాయి.

ఫోన్‌లోని వాలు కొలిచే యాప్‌ను ఒక రాశి పక్కన పెట్టి చూస్తే 35 డిగ్రీలకు అటూఇటూగా చూపించింది. ధాన్యం రాశి పోసినప్పుడు ఎంత పోసినా వాలు మారనట్టే, ఇక్కడా రాళ్లు ఎన్ని పడ్డా అదే వాలు నిలుస్తుంది. లారీ కంకర గుమ్మరించినప్పుడు పెద్ద రాళ్లు కుప్ప అంచుకు దొర్లినట్టే, ఇక్కడా బండలు అడుగుకు చేరతాయి, చిన్న ముక్కలు పైన ఆగుతాయి. మొక్కలు చూడాలనుకునేవాళ్లకు ఇది పనికొచ్చే గుర్తు. అడుగున బండల మధ్య ఖాళీలు మరీ పెద్దవి, విత్తనం జారి చీకట్లోకి పోతుంది. కొసన రాళ్లు నిత్యం కదులుతుంటాయి. పచ్చదనం ఎక్కువగా నడుమ భాగంలో, అదీ అంచుల వెంట ఉంటుంది.

ఒక జాగ్రత్త చెప్పాలి. రాళ్ల మీద నారింజ, బూడిద రంగుల్లో రాతిపూత (లైకెన్) ఉంటే ఆ రాశి కుదురుకుందని అర్థం. రాళ్ల అంచులు పదునుగా, రంగు కొత్తగా, పూతేమీ లేకుండా ఉంటే అది ఇంకా జారుతున్న రాశి. దాని మీద అడుగు పెట్టకూడదు, దాని కింద టెంటు వేయకూడదు. మధ్యాహ్నం ఎండకు మంచు కరిగే వేళ రాళ్లు రాలడం ఎక్కువ కాబట్టి పని పొద్దున్నే ముగించుకోవాలి.

కేలాంగ్ దగ్గర కుదురుకున్న రాశి అంచున, మొక్కలు లేని చోట, మోచేతి లోతు గుంత తీశాం. మొదటి పది సెంటీమీటర్లలో మట్టే లేదు. పొడి రాళ్లు, మధ్యలో గాలి. దాని కింద రాళ్ల సందుల్లో బూడిదరంగు సన్నమట్టి కనిపించింది, చేత్తో ముట్టుకుంటే తడిగా ఉంది. మధ్యాహ్నం పై రాయి మీద అరచెయ్యి ఆనించలేకపోయాం. 15 సెంటీమీటర్ల కింద వేలు పెడితే కుండలో నీళ్లంత చల్లగా ఉంది. పైనున్న రాళ్ల పొరలో సన్నటి సందులు లేవు కాబట్టి కింది తడి పైకి పాకి ఆవిరయ్యే దారి లేదు. సందుల్లోని గాలి వేడిని కిందికి పోనివ్వదు. తవ్విన గుంతను తీసిన వరసలోనే తిరిగి పూడ్చాలి. మొక్క, విత్తనం, మట్టి ఏదీ ఇంటికి తేకూడదు.

ఈ మట్టిలో రాయి ఎంతో కొలవడం తేలిక. లీటరు మగ్గుతో తీసిన మట్టిని జల్లెడ పట్టాలి. 2 మి.మీ. పైన మిగిలిన రాళ్లను కొలత గీతలున్న నీళ్ల మగ్గులో వేసి నీరు ఎంత పైకి లేచిందో చూడాలి. అదే రాయి ఘనపరిమాణం. మేం చూసిన చోట సగానికి పైగా రాయే. నీళ్ల లెక్క కూడా వేసి చూద్దాం. సన్నమట్టి మాత్రమే అయితే అందులో మొక్కకు అందే నీరు 12 శాతం అనుకుందాం. 30 సెంటీమీటర్ల లోతుకు 36 మి.మీ. నీరు. అందులో 60 శాతం రాయే ఉంటే మిగిలేది 14 మి.మీ. చిల్లర. ఎండలో రోజుకు 5 మి.మీ. పోతే మూడు రోజుల్లో ఖాళీ.

మరి ఆ మొక్కలు ఎలా బతుకుతున్నాయి? ఈ మట్టి నీటిని దాచుకోదు. నీరు దీని గుండా నడుస్తూ ఉంటుంది. పైన ఇంకా కరుగుతున్న మంచు నుంచి రాళ్ల కింద సన్నగా ఊట దిగుతూనే ఉంటుంది. ఒకచోట చెవి ఆనిస్తే రాళ్ల కింద నీటి చప్పుడు వినిపించింది కూడా. నీరు ఇంకిపోయే నేల అంటే ఎండిన నేల అనుకోవడంలోనే మన పొరపాటు మొదలవుతుంది. ఇక్కడ వేరుకు తడీ గాలీ రెండూ ఒకేసారి అందుతాయి. ఇంత చిన్న సంగతి పట్టించుకోకే మన దగ్గర ఎన్నో మొక్కలు చచ్చిపోతున్నాయి.

గాలి లెక్క ఇంకా ముఖ్యం. ప్రాణవాయువు గాలిలో కంటే నీటిలో దాదాపు 10,000 రెట్లు నెమ్మదిగా వ్యాపిస్తుంది. సున్నా డిగ్రీల దగ్గర లీటరు నీరు సుమారు 14.6 మిల్లీగ్రాముల ప్రాణవాయువును పట్టుకోగలదు, 30 డిగ్రీల దగ్గర అది 7.5కి పడిపోతుంది. వేరు ఊపిరి మాత్రం వేడి పది డిగ్రీలు పెరిగితే ఇంచుమించు రెట్టింపవుతుంది. అంటే వేడి నేలలో వేరుకు కావలసింది ఎక్కువ, దొరికేది తక్కువ. కొండ మీద మంచునీరు ఒక రోజు నిలిచినా మొక్క తట్టుకోవచ్చు. జూలైలో హైదరాబాద్ కుండీలో నీరు రెండు రోజులు నిలిస్తే వేరు చీకిపోతుంది.

నాలుగో రోజు తెల్లవారుజామున జింగ్‌జింగ్‌బార్ టెంట్ల నుంచి సూరజ్ తాల్ సరస్సు వైపు ఎక్కుతుంటే దారి పక్కన చూసింది ఈ యాత్ర మొత్తంలో అన్నిటికంటే విలువైనది. ఊట పక్కన బురదలాంటి సన్నమట్టి నిండా రెండేసి సెంటీమీటర్ల ఐసు సూదులు నిలబడి, తలల మీద మట్టి పెళ్లల్ని మోస్తున్నాయి. అడుగు దూరంలో శుభ్రమైన గులకల మీద ఒక్క సూదీ లేదు. అదే చలి, అదే తడి. తేడా రేణువుల సైజులోనే ఉంది. ఒండ్రు సైజు రేణువుల సందులు నీటిని కింద నుంచి పైకి లాగేంత సన్నవి, ఆ నీరు ధారాళంగా పారేంత వెడల్పూ ఉన్నవి. అందుకే ఐసుకు మేత అందుతూనే ఉంటుంది. బంకమన్నులో నీరు మరీ నెమ్మది. గులకల్లో అసలు పైకి పాకదు. రకరకాల సైజుల రేణువులు కలిసిన మట్టిలో 0.02 మి.మీ. కంటే సన్నటివి 3 శాతం దాటితే చలికి ఉబ్బుతుందని నేలల ఇంజనీరు ఆర్థర్ కాసాగ్రాండే 1931లో చెప్పిన కొలమానాన్ని రోడ్డు ఇంజనీర్లు ఇప్పటికీ వాడుతున్నారు. ఈ సూదులే మొలకల్ని వేళ్లతో సహా పైకి లేపి తెంపేస్తాయి. రాళ్లూ ఇలాగే పైకి వస్తాయి. రాయి మట్టికంటే త్వరగా చల్లబడుతుంది కాబట్టి దాని కింద ఐసు ముందు కట్టి రాయిని ఎత్తుతుంది. కరిగేటప్పుడు సన్నమట్టి ఆ ఖాళీలోకి జారి రాయిని మళ్లీ దిగనివ్వదు. గుంతలో పైన రాళ్లు, కింద మట్టి ఎందుకున్నాయో ఇక్కడ కొంత తెలిసింది. మిగతాది కరిగే మంచు సన్నమట్టిని కిందికి కడగడం వల్ల.

జారే రాళ్లలో మొక్క తీరు కూడా చూడదగ్గదే. కాండం ఎక్కడ కనిపిస్తే వేరు దాని కింద ఉండదు, వాలుకు ఎగువన ఎక్కడో పాతుకుని ఉంటుంది. ఏటా రాళ్లు కాండాన్ని కిందికి లాగుతుంటే వేరు తాడులా సాగి నిలబడుతుంది. మొక్కను పైకి పీకి వేరు చూడాలనుకునేవాళ్లు తెంపేది ఆ తాడునే. ఆకులు చిన్నవి, ఎదుగుదల నెమ్మది. చలిలో ఆకు అలము కుళ్లడమే ఆలస్యం కాబట్టి పోషకాలు చాలా మెల్లగా అందుతాయి. ఆ మేతకు తగ్గట్టే మొక్క పెరుగుతుంది.

దిగువన బంగాళాదుంప మడులున్నాయి. రాళ్లు ఏరి గోడలుగా పేర్చి, మంచునీటి కాలువల నుంచి కొద్దికొద్దిగా తడి పెడతారు. చలికి పేనుబంక తక్కువ, వైరస్ తెగుళ్లూ తక్కువ కాబట్టి లాహౌల్ విత్తన దుంపలకు గిరాకీ.

తిరిగొచ్చాక ఊరి చివర నర్సరీకి వెళితే అక్కడి మనిషి ఎప్పటి మాటే చెప్పాడు. "అన్నా, అడుగున నాలుగు పెంకులు, కంకర వెయ్యండి, నీళ్లు జారిపోతయ్." జారిపోవు. సన్నమట్టి కింద కంకర ఉంటే, పై మట్టి పూర్తిగా నిండేదాకా నీరు కంకరలోకి దిగదు. 1 మి.మీ. వ్యాసం ఉన్న గొట్టంలాంటి సందు నీటిని 3 సెంటీమీటర్ల ఎత్తున పట్టి ఉంచుతుంది, 0.1 మి.మీ. సందు 30 సెంటీమీటర్లు. కంకర వేస్తే ఆ తడి పొర వేరుకు ఇంకా దగ్గరగా జరుగుతుంది, అంతే. గిన్నెలు తోమే స్పాంజిని తడిపి బల్లపరుపుగా పట్టుకోండి. చుక్కలు ఆగాక నిలువుగా తిప్పండి, మళ్లీ కారుతుంది. అందుకే ఒకే మిశ్రమం వేసినా లోతు కుండీ కంటే తట్టలాంటి కుండీలో అడుగు తడి ఎక్కువ.

అడుగున వేసే కంకరను మొత్తం మట్టిలో కలపాలి. ఎడారి గులాబి, బ్రహ్మజెముడు జాతులు, బోన్సాయ్‌లకు కొలత ప్రకారం 5 పాళ్లు 3 నుంచి 6 మి.మీ. గ్రానైట్ చిప్స్, 2 పాళ్లు అదే సైజు ఇటుక ముక్కలు, 1 పాలు ముతక ఇసుక, 2 పాళ్లు బాగా మాగిన ఆకు ఎరువు. గ్రానైట్ నీరు పట్టదు, మన మిద్దె మీద కింద నుంచి ఊట రాదు. ఆ లోటు తీర్చడానికే ఇటుక. చిప్స్‌ను జల్లెడ పట్టి, కడిగిన నీరు తేటగా వచ్చేదాకా కడగాలి. క్రషర్ డస్టు చౌక అని కలిపితే ఊట పక్కన చూసిన బురదే కుండీలో తయారవుతుంది. మొరం కూడా కడగకుండా వాడకూడదు, అందులో బంకమన్ను ఉంటుంది. పైన లేతరంగు చిప్స్ రెండు సెంటీమీటర్లు పరవాలి. నల్లరాళ్లు ఏప్రిల్ ఎండకు కాలిపోతాయి. మన వేడికి ఆకు ఎరువు త్వరగా కరిగి సన్నపొడిగా అడుగు చేరుతుంది, కాబట్టి రెండేళ్లకోసారి కుండీ విప్పి జల్లెడ పట్టి కొత్త ఎరువు కలపాలి. ఆ కొండల మొక్కల్ని మాత్రం హైదరాబాద్ తేవద్దు. మట్టిని అనుకరించగలం, చలిని తేలేం.

నేలలో నాటేవాళ్లకూ ఇదే లెక్క వర్తిస్తుంది. రేగడిలో గుంత తవ్వి కంకర నింపి సీతాఫలం పెడుతుంటారు. చుట్టూ బంకమన్ను, నడుమ కంకర అంటే అది బావి. వాన నీరంతా అందులోకే చేరుతుంది. సీతాఫలం మన గుట్టల మీద రాళ్ల సందుల్లో తనంతట తానే మొలిచే చెట్టు, నీరు నిలిస్తే ఓర్చుకోదు. గుంత మానేసి, నేల పైన మట్టినే అడుగున్నర ఎత్తు, నాలుగడుగుల వెడల్పు దిబ్బగా పోసి దాని మీద నాటాలి. దిబ్బకు వాలు ఉండాలి, మొదలు చుట్టూ రాళ్లు పరవాలి.